అదృష్టచక్రము - వీరేశలింగము పంతులుగారు

హైదరాబాదున విద్యానగరు నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము మీదుగా తార్నాక వరకు పోవు దారి విద్యార్థుల దారి. పరీక్షలు, ఉద్యోగములు, స్నేహములు, వివాహములు - యౌవనమును కలతపెట్టు ప్రశ్నలన్నియు ఆ దారిన ప్రతిదినము నడచుచుండును. వానికి సమాధానము ముందుగా తెలిసిన బాగుండునను కోరిక క్రొత్తది కాదు. పూర్వము వీధిమలుపున చిలుకపంజరముతో కూర్చున్న జోస్యుడు ఆ కోరికను తీర్చెడివాడు. చిలుక వెలుపలికి వచ్చి, వరుసగా పేర్చిన చీట్లలో నొకదానిని ముక్కుతో లాగి యిచ్చిన చాలును, అడిగినవాని భవిష్యత్తు తేలిపోయెడిది. ఎరుకలసాని బుట్ట దించి, చేయి పట్టి సోది చెప్పెడిది. పోయిన సొమ్ము జాడకై అంజనము వేయించుకొనువారు నుండిరి. నేడు టారో అను విదేశపు పేకకట్ట ఆ వరుసలో చేరినది. మిత్రుడేల మాటలాడుట మానెను, ఈ చెలిమి నిలుచునా, రేపటి పని ఫలించునా అని ముక్కలు పరచి చూచుకొనువారు మన నగరములలో కలరు.

ఈ టారో పేక 15వ శతాబ్దమున ఇటలీ దేశమున పుట్టినది. మొదట అది వట్టి ఆట. అందు 78 ముక్కలుండును. 22 చిత్రములు ప్రధానమైనవి, తక్కిన 56 సామాన్యమైనవి. జోస్యమునకు దానిని విరివిగా వాడుట 18వ శతాబ్దపు చివర ఫ్రాన్సు దేశమున ఆరంభమైనది. నేడు లోకమంతట ఎక్కువగా కనబడు చిత్రములను 1909లో లండను నగరమున పమేలా కోల్మన్ స్మిత్ అను చిత్రకారిణి ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ సూచనల ననుసరించి గీసెను. ఇట్టి చిత్రజోస్యము మన గోలకొండకును తెలియనిది కాదు. 17వ శతాబ్దపు తొలిభాగమున గోలకొండలో తయారైన ఫాల్‌నామా అను గ్రంథమొకటి నేటికిని నిలిచియున్నది. మనసులో ప్రశ్న తలచుకొని అట్టి గ్రంథమును ఎచ్చటనో యొకచోట తెరచెదరు. ఒక పుటలో చిత్రము, ఎదుటి పుటలో దాని ఫలము కనబడును. పాదుషాలు, ప్రభువులు సైత మీ కోరికకు అతీతులు కారన్నమాట.

ఈ కోరిక మంచిదా, చెడ్డదా? దానికి లొంగినవాని గతి యేమి? స్నేహమును గురించి, సంసారమును గురించి తెలిసికొనవలసినది గ్రహముల వలననా, మనుష్యుల వలననా? ఈ ప్రశ్నలను తెలుగుదేశమున తన జీవితమంతయు పరీక్షించి చూచినవారు కందుకూరి వీరేశలింగము పంతులుగారు. వారి ప్రసిద్ధమైన నవల ఆంగ్లభాషలోనికి పోయి ధరించిన పేరు, టారో పేకలో నొక ముక్క పేరు నొక్కటియే యగుట కాకతాళీయమే కావచ్చును. ఆ పేరు అదృష్టచక్రము. ఆ చక్రము వారి కథలో నెట్లు తిరిగినదో, వారి జీవితములో దానిని వారెట్లెదుర్కొనిరో తెలిసికొనుట నేటి విద్యార్థులకు ఉపయోగకరము.

పంతులుగారు 1848 ఏప్రిల్ 16వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. తండ్రి సుబ్బారాయుడుగారు, తల్లి పున్నమ్మగారు. నాలుగేండ్ల వయస్సుననే తండ్రిని గోల్పోయి, పెదతండ్రి వేంకటరత్నముగారి సంరక్షణమున పెరిగిరి. దేహము మొదటినుండియు దుర్బలమైనది. దగ్గు, ఆయాసము జీవితాంతము వారిని వీడలేదు. వీధిబడిలో చదివి, తరువాత ప్రభుత్వ పాఠశాలలో చేరి, పంతులుగారు తెలివితేటలకు పేరొందిరి. 1861లో వారికి వివాహము జరిగెను. భార్య బాపమ్మగారే అనంతరము రాజ్యలక్ష్మమ్మగారుగా తెలుగునాట పూజ్యురాలైన మహాసాధ్వి. ఇరువురును అప్పటికి పసివారే. బాల్యవివాహమును ఖండించి పేరు మోసిన మహనీయుని వివాహమును బాల్యవివాహమే!

ఆ కాలపు ఇంటివాతావరణము నేటివారికి ఊహించుట కష్టము. బిడ్డకు జ్వరము వచ్చిన వైద్యునికన్న ముందు భూతవైద్యుడు వచ్చెడివాడు. ప్రయాణమునకు శకునము, క్షౌరమునకు తిథి, క్రొత్తబట్టకు వారము చూడవలసినదే. పిల్లి అడ్డము వచ్చిన పని నిలిచిపోయెడిది. తుమ్మినవాడు శత్రువయ్యెడివాడు. పంతులుగారును ఈ నమ్మకముల నడుమ పెరిగినవారే. బాల్యమున వారు పరమభక్తులు, ఆచారపరులు. కావున జోస్యమును, మంత్రమును వారు దూరమునుండి చూచి నవ్వినవారు కారు. ఆ గాలి పీల్చి, దాని రుచి యెరిగి, పిమ్మట విడిచినవారు. వారి విమర్శకు బల మిచ్చటనే యున్నది.

యౌవనమున కేశవచంద్ర సేనుగారి రచనలు వారి చేతబడెను. ఆ గ్రంథములు వారి మనస్సున నొక తుపాను రేపెను. నమ్మినదానిని కారణమడుగవలె నను అలవాటు ఆనాటినుండి పంతులుగారికి స్వభావమయ్యెను. దయ్యములు లేవని తోచినప్పుడు, లేవని చెప్పి యూరకుండలేదు. అర్ధరాత్రమున శ్మశానమునకు నడచిపోయి, క్షేమముగా తిరిగివచ్చి, ఇరుగుపొరుగువారికి దానిని ప్రత్యక్షముగా చూపిరి. నేడిది చిన్నపనిగా కనబడవచ్చును. చీకటిపడిన వెంటనే తలుపులు బిగించుకొను ఊరిలో, పీల్చిన ఊపిరి చాలని బక్కపలుచని యువకుడు ఒంటరిగా శ్మశానమున నడచుట చిన్నపని కాదు. వాదమునకన్న అనుభవమే పెద్ద ప్రమాణమని వారు మొదటినుండియు గ్రహించిరి.

ఉపాధ్యాయవృత్తియే పంతులుగారికి జీవనాధారము. కోరంగిలో కొంతకాలము పనిచేసి, 1874లో ధవళేశ్వరమున ప్రధానోపాధ్యాయులైరి. అదే సంవత్సరమున అచ్చట బాలికాపాఠశాలను స్థాపించిరి. అదే యేడు అక్టోబరు మాసమున వివేకవర్ధని పత్రిక వెలువడెను. ఆ పత్రికలో లంచగొండి యుద్యోగులకును, వేశ్యాలంపటులకును, మూఢాచారములకును, కన్యాశుల్కమునకును కొరడాదెబ్బలు తగిలినవి. ప్రహసనములు వ్రాసి జనులను నవ్వించిరి. నవ్విన తరువాత సిగ్గుపడునట్లు చేసిరి. పిదప రాజమహేంద్రవరము చేరి, అచ్చట పాఠశాలలో తెలుగుపండితులై, సొంత ముద్రాయంత్రమును నెలకొల్పిరి.

ఆ వివేకవర్ధనిలోనే 1878లో రాజశేఖర చరిత్రము ప్రకరణములుగా వెలువడనారంభించెను. 1880లో పుస్తకరూపము దాల్చెను. ఆంగ్లకవి గోల్డ్‌స్మిత్ వ్రాసిన వేక్‌ఫీల్డు మతాచార్యుని కథ దీనికి ప్రేరణమైనను, ఇందలి మనుష్యులు, మాటలు, మోసములు అన్నియు గోదావరీతీరమున పుట్టినవే. పంతులుగారు పాఠములు చెప్పిన ధవళేశ్వరమే కథకు రంగస్థలము.

కథానాయకుడు రాజశేఖరుడు సంపన్న గృహస్థుడు. మంచివాడు, దాత, అయితే ఎవరేమి చెప్పినను నమ్మువాడు. ఆయన యింట ప్రతిదినము మిత్రబృందము చేరును. ఆయన కీర్తించినదానిని కీర్తించుట, ఆయన నవ్విన నవ్వుట, భోజనసమయమునకు తప్పక నిలిచియుండుట వారి నిత్యకృత్యము. అదే గుమ్మమున జాతకములు చెప్పువారు, మంత్రములు వేయువారు, మందులిచ్చు బైరాగులు ప్రవేశింతురు. కుమార్తె రుక్మిణి భర్త దేశాంతరమున మరణించెనని వార్త వచ్చును. దుఃఖమున క్రుంగిన ఆ బాలికకు దయ్యము పట్టినదని భూతవైద్యము చేయింతురు. బైరాగి బంగారము చేసి యిచ్చెదనని యింటనున్న బంగారమును పుటము పెట్టించి, దానితో మాయమగును. ఆస్తి కరగిపోవును. ఆస్తితోపాటు మిత్రులును కరగిపోవుదురు. నిన్నటిదాక ఇల్లు విడువనివారు నేడు వీధిలో ఎదురుపడినను ముఖము తిప్పుకొందురు.

ఇచ్చట పాఠకులు నిలిచి యోచింపవలసిన యంశ మొకటి కలదు. జోస్యుని నమ్ముటయు, ముఖస్తుతిపరుని నమ్ముటయు రెండు వేరువేరు దోషములవలె కనబడును. పంతులుగారు వానిని ఒకే గుమ్మమున నిలువబెట్టిరి. జోస్యుడు మనము వినదలచిన భవిష్యత్తును చెప్పును. స్తుతిపాఠకుడు మనము వినదలచిన వర్తమానమును చెప్పును. ఇరువురికిని మన తీరని కోరికయే పెట్టుబడి. తన కన్నులతో చూచుట మానినవాడు గ్రహముల విషయమున మోసపోవుటయే గాక స్నేహితుల విషయమునను మోసపోవును.

అంతటితో కథ ముగియదు. సర్వము పోయిన రాజశేఖరుడు కుటుంబముతో కాశీయాత్రకు బయలుదేరును. త్రోవలో ఎండదెబ్బకు సొమ్మసిల్లిన ఒక బాటసారికి ఆ కుటుంబమువారు ఉపచారము చేసి ప్రాణము నిలుపుదురు. అతడెవరో వారికి తెలియదు. తెలిసికొనవలెనని ముహూర్తము చూడలేదు, లాభము లెక్కవేయలేదు. ఆ బాటసారియే మారువేషమున దేశమును చూచుచున్న పెద్దాపురపు ప్రభువు కృష్ణజగపతి. కష్టములన్నియు దాటిన పిదప ఆయన వలననే ఆ కుటుంబము తిరిగి నిలద్రొక్కుకొనును. మరణించెననుకొన్న అల్లుడును సజీవుడై తిరిగివచ్చును. ఏ జాతకమునను కనబడని మిత్రుడు, అక్కరకై చేయి చాచినచోట దొరకెనన్నమాట.

ఈ నవలను హచిన్సన్ అనువారు భాషాంతరీకరింపగా 1887లో అది లండను నగరమున ప్రకటితమయ్యెను. దానికి వారు పెట్టిన పేరునకు తెలుగున అదృష్టచక్రమని యర్థము. టారో పేకలోని ప్రధానచిత్రములలో పదియవదానికిని ఇదే పేరు. ఆ చిత్రమున పెద్ద చక్రమొకటి యుండును; దానికి ఒకప్రక్క నొక ప్రాణి పైకి లేచుచుండును, మరియొకప్రక్క నొకటి క్రిందికి జారుచుండును. కలిమిలేములు కావడికుండలని మనవారెరిగిన సత్యమే అది. చక్రము తిరుగునని చెప్పుటకు జోస్యుడక్కరలేదు. తిరిగినప్పుడు మనుష్యుడేమి చేయవలెనన్నదే ప్రశ్న. దానికి సమాధానమును పంతులుగారు గ్రంథముననే గాక తమ యింటిలోను చూపవలసిన దినము త్వరలోనే వచ్చెను.

ఆ కాలమున తెలుగుదేశపు ఇండ్లలో వంటయింటి మూలలయందు బాలవితంతువు లుండిరి. భర్త ముఖమైన నెరుగని పసిబిడ్డలు సైతము శిరోముండనమునకును, ఒంటిపూట భోజనమునకును, తుదిలేని చాకిరికిని లోబడి బ్రతుకుచుండిరి. వీరిలో ఎందరి వివాహములు జాతకములు చూడక జరిగినవి? గ్రహమైత్రి చూచిరి, నక్షత్రములు పొందుపరచిరి, మాంగల్యస్థానము గట్టిదని పంచాంగము చదివినవాడు చెప్పెను, సుముహూర్తమున తాళి కట్టించిరి. అయినను పెండ్లికుమారుడు మసూచికమున పోయెను, విషజ్వరమున పోయెను. అప్పుడు తప్పిన జోస్యుని ఎవరును నిలదీయలేదు. దోషమంతయు ఆ పసిదాని నొసటివ్రాతపై మోపిరి. ఆమె ఎదురుపడుటయే అపశకునమైనది. జోస్యము వట్టి కాలక్షేపమని తలచువారు ఈ బాలికలను ఒక్కసారి తలచుకొనవలెను. తప్పిపోయిన మాటకు వెల చెల్లించినది చెప్పినవాడు కాదు, అడిగినవాడును కాదు. నోరులేని మూడవ మనిషి.

పంతులుగారు 1879 నుండి వితంతువివాహములు శాస్త్రసమ్మతములని ఉపన్యాసములిచ్చిరి, వాదములు సాగించిరి. సభలలో చప్పట్లు చరచినవారెందరో. కార్యమునకు నిలిచినవారు కొందరే. 1881 డిసెంబరు 11వ తేదీ రాత్రి రాజమహేంద్రవరమున వారి యింట తొలి వితంతువివాహము జరిగెను. వరుడు గోగులపాటి శ్రీరాములుగారు, వధువు గౌరమ్మగారు. ఊరు అట్టుడికినట్లుడికెను. వెలివేయుదుమను బెదిరింపులు వచ్చెను. వంటవారు, నీరు మోయువారు రామనిరి. రాజ్యలక్ష్మమ్మగారు స్వయముగా గోదావరినుండి నీరు తెచ్చి, వంటచేసి, వచ్చినవారికి పెట్టిరి. ఆమెకు సంతానము లేదు. నిరాశ్రయులై వచ్చిన ఆ బాలికలకే తల్లియై నిలిచిరి.

అదృష్టచక్రము తిరిగినప్పుడు మిత్రులెవరో పంతులుగారికి ఆనాడు తేటతెల్లమయ్యెను. మాట యిచ్చినవారిలో కొందరు కులబహిష్కారమునకు వెరచి తొలగిరి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. ఆత్మూరి లక్ష్మీనరసింహముగారు, బసవరాజు గవర్రాజుగారు తోడైరి. విద్యార్థులు ఉపాధ్యాయుని చుట్టు కోటవలె నిలిచిరి. రాజశేఖరుని కథ వ్రాసి మూడేండ్లు గడువకముందే రచయిత యింటనే ఆ కథ నడచినదనవచ్చును; భేదమొక్కటే - రాజశేఖరుడు మోసపోయి కష్టపడెను, పంతులుగారు తెలిసియే కష్టమును కోరి తెచ్చుకొనిరి. తరువాతి సంవత్సరములలో వారు జరిపించిన వితంతువివాహములు నలుబదికి సమీపించెను.

నక్షత్రములపై పంతులుగారికి ద్వేషమున్నదని యెవరైన తలచినచో పొరపాటు. వారే విద్యార్థులకొరకు జ్యోతిశ్శాస్త్ర సంగ్రహమను గ్రంథము వ్రాసిరి. అది ఖగోళవిషయములను బోధించు గ్రంథము. గ్రహములు తమ త్రోవను తాము పోవుననియు, ఆ త్రోవను లెక్కవేయుట విద్య యనియు తెలియజెప్పుట ఒక పని. అవి మన పెండ్లిండ్లను, చెలుములను నడపుననుట వేరొక పని. మొదటిదానిని వారు నేర్పిరి, రెండవదానిని నిరాకరించిరి. ఆంధ్రకవుల చరిత్రము వ్రాయునప్పుడును ఇదే దృష్టి కనబడును. కట్టుకథలను వరుసగా చెప్పి యూరకుండక, గ్రంథములనుండి, శాసనములనుండి కాలనిర్ణయమునకు ఆధారములు వెదకిరి. భవిష్యత్తు విషయమున జోస్యుని నమ్మనివారు, గతము విషయమున పుక్కిటి పురాణములను మాత్రమేల నమ్ముదురు?

వారియందు లోపములు లేవనరాదు. కలము పదునైనది; ఒక్కొక్కప్పుడు అవసరమునకు మించి పదునైనది. కొక్కొండ వేంకటరత్నము పంతులుగారితో పత్రికాముఖమున సాగిన కలహము ఆ కాలపు పాఠకులకు వినోదము కలిగించినను, ఇరువురి శక్తియు దానిలో కొంత వ్యర్థమయ్యెను. పట్టిన పట్టు విడువని స్వభావము వలన తొలినాటి మిత్రులలో కొందరు దూరమైరి. అయినను ఒక్కటి చెప్పవచ్చును. ఎవరి విషయమున నేమి తలచినను వారు దానిని ముఖముననే చెప్పిరి, అచ్చులోనే చెప్పిరి. చాటున ఆరాతీసి, సంకేతములను బట్టి మనుష్యులను కొలుచు అలవాటు వారికి లేదు.

1893లో ప్రభుత్వము వారికి రావుబహద్దరు బిరుద మిచ్చెను. 19వ శతాబ్దపు చివర మదరాసు చేరి ప్రెసిడెన్సీ కళాశాలలో ఆంధ్రపండితులుగా పనిచేసిరి. 1906లో హితకారిణీ సమాజమును స్థాపించి, జీవితమంతయు కూడబెట్టిన ఆస్తిని దానికి ధారపోసిరి. 1910లో రాజ్యలక్ష్మమ్మగారు స్వర్గస్థురాలైరి. అర్ధశతాబ్దపు తోడు పోయిన పిమ్మటను వారు పని మానలేదు. స్వీయచరిత్రమును వ్రాసి తెలుగువచనమున నొక క్రొత్తబాట తీసిరి. 1919 మే 27వ తేదీన మదరాసు నగరమున కన్నుమూసిరి. బాల్యమునుండి వ్యాధిగ్రస్తమైన దేహము డెబ్బదియొక్క యేండ్లు నిలిచెను.

ఇక మొదటి ప్రశ్నకు మరలుదము. చిత్రములను చూచి మాటలాడుకొనుట పాపము కాదు. మనసులో ముడిపడిన మాటను ఒక చిత్రము విప్పినచో, ఆ మాటను తీసికొని మిత్రునియొద్దకు పోవచ్చును. అంతవరకు టారో పేక ఒక అద్దమువంటిది. కాని మిత్రుడేల అలిగెనో మిత్రుని నడుగక ముక్కల నడుగువాడు, ఆ మిత్రుని మరియొకసారి పోగొట్టుకొనుచున్నాడు. వచ్చిన ముక్క మంచిదైన నిర్లక్ష్యము, చెడ్డదైన అనుమానము. రెండింటను నష్టపడునది స్నేహమే. చెడ్డముక్క చూచి చెలిమి తెంచుకొన్నచో, బాలవితంతువునకు జరిగిన అన్యాయమే కొద్దిపాటిగా ఆ మిత్రునికి జరుగును. తాను చేయని తప్పునకు, తాను వినని తీర్పునకు అతడు శిక్ష ననుభవించును.

విద్యానగరు దారిన పోవు విద్యార్థినులకు ఆంధ్రమహిళాసభ భవనములు సుపరిచితములు. ఆ సంస్థను స్థాపించిన దుర్గాబాయమ్మగారు 1909లో రాజమహేంద్రవరముననే జన్మించిరి. పంతులుగారు అప్పటికి జీవించియుండిరి. ఎనిమిదేండ్ల వయస్సున బాల్యవివాహము జరిగినను, ఆమె దానిని తన నొసటివ్రాతగా తలవంచి స్వీకరింపలేదు. ఆ బంధమును కాదని చదివిరి, న్యాయవాది యైరి, రాజ్యాంగసభలో కూర్చుండిరి, వేలాది స్త్రీలకు చదువు చెప్పించిరి. ఆమె చదువునకు దారి ఏ చీటిలోను వ్రాసియుండలేదు. ముందు నడచిన కొందరు అర్ధరాత్రము చీకటిలో కాలుమోపి వేసిన త్రోవ అది. నేడు ఆ త్రోవను వేలకొలది పిల్లలు పుస్తకములు చేతబట్టి, పట్టపగలు, నిర్భయముగా నడచుచున్నారు.